జోహార్ చెప్పాం, ఇక జవాబు అడుగుదాం

2022 జూలై 25న ద్రౌపది ముర్ము ఈ దేశానికి 15వ రాష్ట్రపతిగా ప్రమాణస్వీకారం చేసినప్పటి నుంచీ మన స్త్రీల సంఘాల్లో రెండు మాటలు పక్కపక్కనే వినబడుతున్నాయి. ఒకటి: "ఎంత గొప్ప సంగతి! ఒక సంతాల్ ఆడపిల్ల రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టింది. ఇంతకన్నా ఏం కావాలి?" రెండోది: "ఆమె వల్ల ఏమవుతుంది? చెప్పినచోట సంతకం పెట్టే రబ్బరు స్టాంపు." మొదటి మాట అనేవాళ్లకు రెండోవాళ్లు ఓర్వలేనివాళ్లలా కనబడతారు. రెండో మాట అనేవాళ్లకు మొదటివాళ్లు ఉత్త అమాయకుల్లా కనబడతారు. నాకు ఈ రెండు మాటలతోనూ పేచీ వుంది. మొదటిది ఆదివాసీ స్త్రీకి ఫొటో చూపించి భూమి సంగతి మరిపిస్తుంది. రెండోది ఆదివాసీ స్త్రీకి సొంత బుద్ధి వుండదనే పాత మాటకు కొత్త రంగు పూస్తుంది.

నేను ఆదివాసీని కాను. విశాఖ మన్యంలో గిరిజన స్త్రీల సంఘాలతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న కార్యకర్తను. భూమి తగాదాలు, అటవీశాఖ పెట్టే కేసులు, ఆశ్రమ పాఠశాలల్లో ఆడపిల్లల ఇబ్బందులు, రోడ్డు లేక డోలీలో మోసుకొచ్చే కాన్పు కేసులు, మా రోజులు వీటితోనే గడుస్తాయి. ఆదివాసీ స్త్రీల తరఫున తీర్పు చెప్పే పని నేను పెట్టుకోలేదు. వాళ్లతో తిరిగి తెలుసుకున్నదాన్ని బట్టి మనలాంటి కార్యకర్తలం ఏం అడగాలి, ఎవర్ని అడగాలి అన్నదే నా ప్రశ్న.

ముందు సంతోషం సంగతి. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. 1946-47లో రాజ్యాంగసభలో జైపాల్ సింగ్ ముండా లేచి, ఇక్కడ మగవాళ్లు మరీ ఎక్కువయ్యారని, సలహా సంఘంలో ఒక్క ఆదివాసీ స్త్రీ పేరైనా లేదేమని నిలదీశాడు. ఆ ప్రశ్నకూ ఈ ప్రమాణస్వీకారానికీ మధ్య 75 ఏళ్లు గడిచాయి. ముర్ము 1958లో ఒడిషాలోని మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బేడా గ్రామంలో పుట్టింది. భువనేశ్వర్‌లో రమాదేవి మహిళా కళాశాలలో చదివి, నీటిపారుదల శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరింది. తర్వాత రాయ్‌రంగ్‌పూర్‌లో టీచరు, 1997లో అక్కడి నగర పంచాయతీ కౌన్సిలర్, ఆపైన రెండుసార్లు ఎమ్మెల్యే, మంత్రి, 2015లో జార్ఖండ్ గవర్నరు. ఎవరి కూతురిగానో, కోడలిగానో వచ్చిన పదవులు కావివి. వార్డు స్థాయి నుంచి మెట్టుమెట్టు ఎక్కి వచ్చింది. ద్రౌపది అనేది తన పుట్టుపేరు కాదని, సంతాలీలో తనను పుటి అని పిలిచేవారని, ఈ పేరు బడిలో ఒక టీచరు పెట్టిందేనని ఆమే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. బడిలో చేరిన రోజే ఇంట్లో పిలిచే పేరు పోగొట్టుకున్న పిల్లలు మన ఏజెన్సీలోనూ ఎంతమందో వున్నారు. ఆ పిల్లల్లో ఒకరు దేశంలో మొదటి పౌరురాలు కావడం చిన్న విషయమని నేననలేను.

ఆమె పేరు వినబడగానే మగ రాజకీయం తన బుద్ధి ఎలా బయటపెట్టుకుందో కూడా చూశాం. ద్రౌపది రాష్ట్రపతి అయితే పాండవులెవరు, కౌరవులెవరు అని ఒక తెలుగు సినిమా దర్శకుడు చమత్కరించాడు. రాష్ట్రపతి భవన్‌లో మాకు విగ్రహం అక్కర్లేదని బీహార్ నుంచి తేజస్వి యాదవ్ అన్నాడు. ఆమె గెలిచి నాలుగు రోజులు పదవిలో కూర్చుందో లేదో, లోక్‌సభలో కాంగ్రెస్ నాయకుడు అధీర్ రంజన్ చౌదరి నోట 'రాష్ట్రపత్ని' అనే మాట వచ్చింది. నోరుజారిందన్నాడు, తర్వాత క్షమాపణ రాశాడు. నోరు ఎప్పుడూ ఆ వైపుకే ఎందుకు జారుతుందో మనకు తెలుసు. పదవి పేరులోనే 'పతి' వుంది. ఆ కుర్చీలో స్త్రీ కూర్చుంటే, వెంటనే ఆమెను ఎవరికో ఒకరికి పత్నిని చేస్తే గానీ భాషకు తోచదు. 2007లో ప్రతిభా పాటిల్ వచ్చినప్పుడే ఈ మాట చర్చకు వచ్చింది. పదిహేనేళ్ల తర్వాత కూడా అక్కడే వున్నాం.

తిట్టినవాళ్ల సంగతి అదైతే, పొగిడినవాళ్ల సంగతి మరోటి. అభ్యర్థిగా పేరు ప్రకటించిన మర్నాడే ఆమె రాయ్‌రంగ్‌పూర్ శివాలయంలో చీపురు పట్టి నేల ఊడుస్తున్న దృశ్యం దేశమంతా తిరిగింది. అది ఆమె అలవాటు కావచ్చు, భక్తి కావచ్చు, ఆమె ఇష్టం. నా పేచీ ఆ దృశ్యాన్ని పట్టుకుని మురిసిపోయినవాళ్లతో. ఇంతకుముందు రాష్ట్రపతులైన మగవాళ్లలో ఎవరి చేతిలోనైనా చీపురు చూసి వాళ్ల అర్హత నిర్ణయించారా? భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న దుఃఖాన్ని పదేపదే చూపించి, ఇంత బాధలోనూ ఎంత ఓర్పో చూడండి అన్నారు. ఆదివాసీ స్త్రీ అంటే భక్తి, ఓర్పు, నిరాడంబరత. ఈ మూడూ వున్నంతకాలం ఆమెకు హారతి పడతారు. అదే ఆదివాసీ స్త్రీ గ్రామసభలో లేచి "మా కొండ ఇవ్వం" అంటే మాత్రం ఆమె వెనక ఎవరున్నారని పోలీసులు ఆరా తీస్తారు.

ఓట్ల దగ్గరా ఇదే తంతు. ఆమెకు పోలైన ఓట్ల విలువలో 64 శాతం వచ్చింది. మన రెండు రాష్ట్రాల్నే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో రోజూ కొట్టుకునే వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం రెండూ ఆమెకే ఓటేశాయి. తెలంగాణలో అప్పటి టి.ఆర్.ఎస్. యశ్వంత్ సిన్హాకు వేసింది. ఓటేసినవాళ్లు ఆదివాసుల పక్షం, వేయనివాళ్లు కాదు అనుకుందామా? 2007 ఆగస్టు 20న వాకపల్లిలో 11 మంది కోందు స్త్రీలు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. కాంగ్రెస్ పాలన పోయింది, తెలుగుదేశం వచ్చింది, వైఎస్సార్ కాంగ్రెస్ వచ్చింది. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితుల్ని విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని అదే కోర్టు అంది, స్త్రీలకు పరిహారం ఇమ్మంది. పదహారేళ్ల పాటు ఏ పార్టీ ప్రభుత్వమూ ఆ దర్యాప్తును సరిచేయలేదు. ఇక తెలంగాణలో, ప్రమాణస్వీకారానికి రెండు మూడు వారాల ముందు, అదే 2022 జూలైలో మంచిర్యాల జిల్లా కోయపోచగూడలో పోడు భూమిలో వేసుకున్న గుడిసెల్ని అటవీ సిబ్బంది కూల్చి, ఆదివాసీ స్త్రీలను ఈడ్చిన దృశ్యాలు మనమంతా చూశాం. ఆదివాసీ స్త్రీకి ఓటేసిన ప్రభుత్వాలూ, వేయని ప్రభుత్వమూ ఆదివాసీ స్త్రీల దగ్గరకు వచ్చేసరికి ఒకే బడిలో చదివినట్టు ప్రవర్తించాయి.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆమెను అభ్యర్థిగా ప్రకటించాక గానీ ఆమె సొంతూరికి చెందిన డుంగురీసాహి గూడేనికి కరెంటు స్తంభాలు పాతలేదు. ఆమె ఎమ్మెల్యేగా, మంత్రిగా వున్న రోజుల్లోనూ ఆ గూడెం చీకట్లోనే వుంది. మనలో ఒకరు పైకి వెళితే వెలుగు దానంతటదే కిందికి దిగుతుందనే నమ్మకానికి ఈ గూడెమే జవాబు. ఇందిరాగాంధీ ప్రధానిగా వున్నప్పుడే 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. స్త్రీ అయినంత మాత్రాన అధికారం స్వభావం మారదని ఈ దేశపు స్త్రీల ఉద్యమం అప్పుడే నేర్చుకుంది. సారా వ్యతిరేకోద్యమంలో నెల్లూరు స్త్రీలు కలెక్టరు ఆడా మగా అని చూడలేదు. వేలంపాట ఆపమన్నారు, ఆగేదాకా కదల్లేదు.

అయితే ఆమెను ఏమని అడగాలి? రాష్ట్రపతికి అధికారాలెక్కడున్నాయి, అంతా మంత్రివర్గం చెప్పినట్టే కదా అని మన మిత్రులే అంటారు. ఈ మాట సగమే నిజం. ఆ మిగతా సగం దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఏజెన్సీలో పనిచేసేవాళ్లకు అసలు పని వున్నది అక్కడే.

ఆమె గెలిచిన కొద్ది రోజులకు పాడేరు వైపు ఒక సంఘం సమావేశంలో ఈ కబురు చెబుతుంటే ఒకామె అడిగింది: "మా పట్టా మీద ఆమె సంతకం వుంటాదా?" అందరూ నవ్వారు. పట్టా మీద తాసిల్దారు సంతకమో, ఐటిడిఎ పీవో సంతకమో వుంటుంది గానీ రాష్ట్రపతి సంతకం ఎందుకుంటుంది? కానీ ఆమె అడిగింది నవ్వాల్సిన ప్రశ్న కాదు. రాజ్యాంగం అయిదో షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల శాంతి కోసం, సుపరిపాలన కోసం గవర్నరు నిబంధనలు చేయవచ్చు. ఆ నిబంధనలకు రాష్ట్రపతి ఆమోదం లేనిదే ప్రాణం రాదు. మన ఏజెన్సీలో అక్షరం రాని ఆడవాళ్లకు కూడా నోటికొచ్చిన 1/70 చట్టం అలాంటి నిబంధనే. 1970లో అది వచ్చినప్పుడు రాష్ట్రపతి వి.వి.గిరి. మన్యంలో గిరిజనేతరుడు భూమి కొనడానికి వీల్లేదని ఈ రోజు మనం ధైర్యంగా అనగలుగుతున్నామంటే దాని వెనక రాష్ట్రపతి ఆమోదం వుంది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని చెప్పిన తీర్పు, ఆ పునాది మీద నిలబడిందే.

ఆ సంతకం కాపాడగలదు, ముంచనూ గలదు. 2014 మే 29న పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన ఆర్డినెన్సు మీద వున్నదీ రాష్ట్రపతి సంతకమే. కోయ, కొండరెడ్డి పల్లెల్లో జనం ఒక రాష్ట్రంలో పడుకుని మరో రాష్ట్రంలో లేచారు. అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ. కాబట్టి, పట్టా మీద సంతకం వుంటుందా అని అడిగిన ఆ మనిషికి జవాబు: అమ్మా, పట్టా మీద కనబడదు, పట్టా కింది నేలలో వుంటుంది.

ఇంకా వుంది. ఆ ప్రాంతాల పాలన ఎలా వుందో గవర్నరు ప్రతి ఏడూ రాష్ట్రపతికి నివేదిక పంపాలి. ఏ ఊళ్లు షెడ్యూల్డు ప్రాంతమో ప్రకటించేది రాష్ట్రపతి ఉత్తర్వే. 338ఎ అధికరణం కింద జాతీయ ఎస్టీ కమిషన్ తన నివేదికలు ఇచ్చేది రాష్ట్రపతికే. 339వ అధికరణం కింద షెడ్యూల్డు ప్రాంతాల పాలన మీద ఎప్పుడైనా కమిషన్ వేయవచ్చు. 1960లో ఢేబర్ కమిషన్, 2002లో భూరియా కమిషన్ అలా వచ్చినవే. పార్లమెంటు పంపిన బిల్లును పునరాలోచించమని ఒకసారి వెనక్కి పంపే అధికారం 111వ అధికరణంలో వుంది. ఇవన్నీ మంత్రివర్గం సలహాకు లోబడే నడుస్తాయి, నిజమే, కానీ సలహా వచ్చేలోగా అడగడం, వచ్చాక ఇంకోసారి ఆలోచించమనడం, నోరు తెరిచి మాట్లాడటం ఎవరూ ఆపలేరు. కె.ఆర్.నారాయణన్‌ను చూడండి. సమత తీర్పు వచ్చిన రెండు వారాలకు, 1997 జూలై 25న, మొదటి దళిత రాష్ట్రపతిగా ఆయన పదవి చేపట్టాడు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని రద్దు చేయమన్న సిఫారసును ఆ ఏడే వెనక్కి పంపాడు. 2001లో గణతంత్ర దినానికి ముందురోజు ప్రసంగంలో, అడవుల్లో గనుల తవ్వకం ఆదివాసుల బతుకు మీదికి తెస్తున్నదని దేశాన్ని హెచ్చరించాడు. ఆయన చేతిలోనూ ఇవే అధికారాలు, ఇదే రాజ్యాంగం.

నారాయణన్ దాకా కూడా వెళ్లక్కర్లేదు. ముర్మునే చూద్దాం. జార్ఖండ్‌లో ఆదివాసీ భూమికి రెండు కంచెలున్నాయి: 1908 నాటి ఛోటానాగపూర్ కౌలు చట్టం, 1949 నాటి సంతాల్ పరగణాల కౌలు చట్టం. 2016లో రఘువర్ దాస్ ప్రభుత్వం, అంటే ఆమె సొంత పార్టీ ప్రభుత్వం, వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మళ్లించేలా వాటిని సవరించింది. ఆదివాసులు వీధుల్లోకి వచ్చారు. గవర్నరు ముర్ము 2017లో ఆ బిల్లుల్ని, వీటివల్ల ఆదివాసులకు ఒరిగేదేమిటని అడిగి వెనక్కి పంపింది. ప్రభుత్వం ఉపసంహరించుకుంది. ఆమెను రబ్బరు స్టాంపు అనేవాళ్లు ఈ సంగతి చదువుకోవాలి. అదే రాష్ట్రంలో ఆ రోజుల్లోనే, అయిదో షెడ్యూలు మాటల్ని రాళ్ల మీద చెక్కి ఊరి పొలిమేరల్లో నిలబెట్టిన పత్థల్‌గడీ ఉద్యమం మీద, పేర్లు కూడా లేని వేల మంది మీద, రాజద్రోహం కేసులు పెట్టారు. షెడ్యూల్డు ప్రాంతాల బాధ్యత గవర్నరుదే. ఆమెను కీర్తించేవాళ్లు ఈ రెండో సంగతీ చదువుకోవాలి.

ఇప్పుడు నా ఫిర్యాదు సూటిగా చెబుతాను. 2017లో రాంచీలో బిల్లు వెనక్కి పంపిన మనిషి 2023లో ఢిల్లీలో పంపలేదు. అటవీ సంరక్షణ చట్టానికి సవరణ 2023 ఆగస్టు 2న రాజ్యసభ దాటింది. ఆగస్టు 4న రాష్ట్రపతి ఆమోదం పొందింది. మధ్యలో ఒక్క రోజు. సరిహద్దుకు వంద కిలోమీటర్ల లోపు దేశభద్రత పేరుతో వేసే రోడ్లూ లైన్లూ, తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో అయిదు హెక్టార్ల దాకా పారామిలిటరీ శిబిరాలూ, ఇలాంటివి అటవీ అనుమతి లేకుండానే రావచ్చని ఆ సవరణ చెప్పింది. అయిదు హెక్టార్ల శిబిరం అంటే ఢిల్లీలో ఒక అంకె. ఊరి పక్కన శిబిరం అంటే ఏమిటో తెల్లారుజామున చెంబు పట్టుకుని వెళ్లే ఆడదానికి తెలుసు, అడ్డాకు కోయడానికి వెళ్లే ఆడదానికి తెలుసు. వాకపల్లి తర్వాత మన మన్యంలో అది వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క ప్రశ్న రాసి, ఒక్కసారి ఆలోచించమని ఆ బిల్లు వెనక్కి పంపితే ప్రభుత్వం పడిపోయేది కాదు. పార్లమెంటు మళ్లీ ఆమోదిస్తే సంతకం పెట్టక తప్పేది కాదు. కానీ ఆ ప్రశ్న ఈ దేశపు రికార్డులో వుండేది.

అంతకుముందు సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ఆమె పదవిలోకి రావడానికి నెల ముందు, 2022 జూన్ 28న, కొత్త అటవీ సంరక్షణ నియమాలు వచ్చాయి. కేంద్రం అడవిని అప్పగించే ముందు గ్రామసభ అంగీకారం చూడాలన్న మెలికను తీసేసి, ఆ పనిని తర్వాత రాష్ట్రాలు చూసుకుంటాయన్నారు. ఇది అటవీ హక్కుల చట్టానికి దెబ్బ అని, నియమాల్ని నిలిపివేయమని జాతీయ ఎస్టీ కమిషన్ అధ్యక్షుడు హర్ష్ చౌహాన్ ప్రభుత్వానికి రాశాడు. పర్యావరణ శాఖ కాదంది. 2023 జూన్‌లో, పదవీకాలం ఇంకా వుండగానే, ఆయన రాజీనామా చేశాడు. రాష్ట్రపతికి నివేదించాల్సిన కమిషన్ అది. ఆదివాసీ రాష్ట్రపతి వున్న కాలంలో ఆదివాసీ కమిషన్ మాట చెల్లలేదు. పండగ చేసుకున్న మనవాళ్లలో ఎందరు ఈ వార్త గమనించారు?

ఆమె మాటకు విలువ లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. 2022 నవంబరు 26న రాజ్యాంగ దినం నాడు సుప్రీంకోర్టు సభలో, జడ్జీల ముందు, రాసుకొచ్చిన ప్రసంగం దాటి ఆమె జైళ్ల గురించి మాట్లాడింది. చిన్న చిన్న కేసుల్లో ఏళ్లతరబడి మగ్గుతున్న పేదల్ని గుర్తుచేసి, ఇంకా జైళ్లు కట్టడం ఎందుకని అడిగింది. మూడు రోజులకే సుప్రీంకోర్టు ధర్మాసనం, బెయిలు వచ్చినా షరతులు తీర్చలేక బయటికి రాలేకపోతున్న ఖైదీల జాబితా ఇమ్మంది. ఒక్క ప్రసంగం అంత పని చేసింది. ఆ ప్రసంగం విని నేను సంతోషించాను, ఆ వెంటనే స్టాన్ స్వామి గుర్తొచ్చాడు. జార్ఖండ్ జైళ్లలో విచారణ ఖైదీలుగా మగ్గుతున్న ఆదివాసీ యువకుల గురించి అధ్యయనం చేసి, హైకోర్టు దాకా వెళ్లినవాడు. 2020 అక్టోబరులో రాంచీలోనే ఎన్.ఐ.ఏ. ఆయన్ని అరెస్టు చేసింది. 2021 జూలై 5న, 84 ఏళ్ల వయసులో, విచారణ ఖైదీగానే చనిపోయాడు. అప్పుడు జార్ఖండ్ గవర్నరు ముర్మే. కేసు కేంద్రం చేతిలోది, ఆమె విడిపించలేకపోవచ్చు. ఒక మాట అనగలిగేది.

మాటల విషయంలోనే ఇంకోటి. 2024 ఆగస్టులో కోల్‌కతా వైద్య కళాశాల ఆసుపత్రిలో యువ డాక్టరు మీద జరిగిన ఘోరం తర్వాత ఆమె సంతకంతో ఒక వ్యాసం వచ్చింది. ఇక చాలని, సమాజం మతిమరుపు వదులుకోవాలని ఎంతో తీవ్రంగా రాసింది. అలా రాయవలసిందే. 2023లో మణిపూర్‌లో కుకీ స్త్రీలను నగ్నంగా నడిపించిన వీడియో బయటపడినప్పుడు ఆ తీవ్రత ఆమె నుంచి నాకు వినిపించలేదు. ప్రతిపక్షం పాలించే రాష్ట్రంలో స్త్రీ శరీరం ఒక తూకానికి, కేంద్రంలో వున్న పార్టీయే పాలించే రాష్ట్రంలో స్త్రీ శరీరం మరో తూకానికి తూగకూడదు. తరాసు ఎవరి చేతిలో వుందన్నది మనం చూడాలి.

2023 మే 28న కొత్త పార్లమెంటు భవనాన్ని ప్రధానమంత్రి ప్రారంభించాడు. పార్లమెంటులో భాగమైన రాష్ట్రపతి ఆ వేడుకలో లేదు. ఆమెను గెలిపించుకుని గర్వపడినవాళ్లకు అది లోటుగా తోచలేదు. ఆ భవనంలో మొదట ఆమోదించిన బిల్లు మహిళా రిజర్వేషన్ బిల్లు. 1996 నుంచి 27 ఏళ్లు ఎదురుచూసిన బిల్లు. 2023 సెప్టెంబరు 28న ఆమె సంతకంతో 106వ రాజ్యాంగ సవరణ అయింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అని అందులోనే తాళం వేశారు. 2024లో లోక్‌సభకు గెలిచిన స్త్రీలు 543లో 74 మంది. పేరు ఇచ్చి పని ఇవ్వకపోవడం, కుర్చీ వేసి తలుపు మూయడం, ఈ వ్యవస్థకు బాగా అలవాటైన విద్య.

ఇన్ని చెప్పాక నాకు ఆమె మీద కోపమా, ఇష్టమా అని అడిగితే రెండూ వున్నాయి. ఒకదానికోసం ఒకటి వదులుకోనవసరం లేదు. ఇష్టం వుంది కాబట్టే ఆమెను మిగతా రాష్ట్రపతుల్ని అడిగినదానికన్నా గట్టిగా అడుగుతాను. ఆమెను విగ్రహం అన్నవాళ్లూ, దేవత అన్నవాళ్లూ ఒకే పని చేస్తున్నారు. విగ్రహాన్నీ ఎవరూ ప్రశ్నించరు, దేవతనూ ఎవరూ ప్రశ్నించరు. ప్రశ్నించడమే మనం ఆమెకు ఇవ్వగల గౌరవం.

అడగవలసినవి ఇవి. ఒకటి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గవర్నర్లు షెడ్యూల్డు ప్రాంతాల గురించి పంపే వార్షిక నివేదికలు తెలుగులో, జనానికి అందేలా బయటపెట్టాలి. వాటిలో స్త్రీల భూమి, కాన్పు మరణాలు, పోలీసుల మీద ఫిర్యాదులు విడిగా రాయాలి. రెండు, 339వ అధికరణం కింద మూడో కమిషన్ వేయాలి, సగం మంది ఆదివాసీ స్త్రీలు వుండాలి. మూడు, ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చిన 2000 నాటి జి.వో.3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఊళ్లో వుంటూ, ఊరి భాషలో చెప్పే ఆదివాసీ పంతులమ్మలకు దారి మూసుకుపోయింది. దానికి రాజ్యాంగబద్ధమైన మార్గం చూడాలని, ఒకప్పుడు టీచరుగా పనిచేసిన మనిషి ప్రభుత్వాన్ని అడగాలి. నాలుగు, షెడ్యూల్డు ప్రాంతానికి బయట మిగిలిపోయిన ఆదివాసీ పల్లెల్ని అందులో చేర్చే ఉత్తర్వు రావాలి. అయిదు, ఆదివాసీ విచారణ ఖైదీల గురించి ఆమె వేసిన ప్రశ్నకు రాష్ట్రాలు ఏం జవాబిచ్చాయో చెప్పాలి.

ఈ అయిదూ ఎవరో పెద్దలు వినతిపత్రంలా తయారుచేసి ఢిల్లీ పట్టుకెళ్లడం నాకిష్టం లేదు. గ్రామసభల్లో చదవాలి, చేర్చవలసినవి చేర్చాలి, ఆదివాసీ స్త్రీలు తమ పేర్లతో, తమ ఇంటి పేర్లతో రాయాలి. అక్షరం రానివాళ్లు వేలిముద్ర వేయాలి. మన సంఘాల కార్యవర్గాల్లో ఆదివాసీ స్త్రీలు ఎంతమంది వున్నారన్నది కూడా ఆ సభల్లోనే అడగనివ్వాలి. ఊరికి వంద పోస్టుకార్డులు. పదవిలో ఆమె వున్నా, ఆమె తర్వాత ఎవరు వచ్చినా చిరునామా మారదు: రాష్ట్రపతి, రాష్ట్రపతి భవన్, న్యూఢిల్లీ.

ప్రమాణస్వీకారం రోజు ఆమె తన ప్రసంగాన్ని 'జోహార్' అంటూ మొదలుపెట్టింది. సంతాలుల్లో అది పలకరింపు. మన సభల్లో ఆ మాట పోయినవాళ్లకు మాత్రమే చెబుతాం. వాళ్ల అర్థంలోనే తీసుకుందాం. పలకరింపు అందింది. పలకరించిన మనిషికి మన కష్టం చెప్పుకోవడం, జవాబు కోసం నిలబడటం మర్యాదే.